పల్లెకు మందుల పెట్టె పంపిన హకీం సినాన్ బిన్ సాబిత్

జబ్బు చేసినవాడు హకీం ఇల్లు వెతుక్కుంటూ పోవడం ఎప్పటినుంచో ఉన్న రివాజు. కాళ్ళలో సత్తువ ఉన్నవాడు నడిచి పోతాడు. చేతిలో డబ్బున్నవాడు హకీంనే ఇంటికి పిలిపించుకుంటాడు. మరి చెరసాలలో జ్వరంతో పడి ఉన్న ఖైదీ గతి ఏమిటి? నాడి చూసే మనిషే లేని పల్లెలో మంచం పట్టిన రైతు గతి ఏమిటి? వెయ్యేళ్ళ పైచిలుకు కిందట బగ్దాదులో ఒక వజీరు ఈ ప్రశ్న వేసుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబు మాటల్లో కాకుండా పనిలో చూపించిన వైద్యుడు సినాన్ బిన్ సాబిత్. ఆస్పత్రులు కట్టించిన హకీములు చరిత్రలో చాలామంది ఉన్నారు. ఆస్పత్రి గడప దాకా రాలేనివారి పేరున వైద్యులను, మందులను, ఆహారాన్ని ఒక పద్ధతి ప్రకారం బయటికి పంపిన తొలితరం వారిలో ఆయన ఒకరు. ఆయన జీవితం నేటి మనకూ పనికివచ్చే పాఠం.

సినాన్ పుట్టింది విద్యావంతుల ఇంట. తండ్రి సాబిత్ బిన్ ఖుర్రా గొప్ప గణిత శాస్త్రజ్ఞుడు, వైద్యుడు, గ్రీకు గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చిన అనువాదకుడు. క్రీ.శ. 901లో కన్నుమూశారు. వీరి స్వస్థలం హర్రాన్, ఇప్పుడది తుర్కీ దేశంలో ఉంది. ఆ ఊరివారు అనేకులు సాబీ మతస్థులు, గ్రహ నక్షత్రాలను పూజించే పురాతన సంప్రదాయానికి చెందినవారు. సినాన్ కూడా జీవితంలో ఎక్కువ కాలం ఆ మతంలోనే ఉన్నారు. అయినా బగ్దాదు ఖలీఫాలు ఆయన విద్యనే చూశారు. ముఖ్తదిర్, ఖాహిర్, రాజీ అనే ముగ్గురు ఖలీఫాల కొలువులో ఆయన వైద్యుడిగా పనిచేశారు. కొడుకులలో ఇబ్రాహీం రేఖాగణితంలో పేరు తెచ్చుకోగా, సాబిత్ బిన్ సినాన్ వైద్యుడూ చరిత్రకారుడూ అయ్యారు. తండ్రి చేసిన పనులను ఈ సాబిత్ రాసిపెట్టబట్టే, 13వ శతాబ్దపు దమిష్క్ వైద్యుడు ఇబ్న్ అబీ ఉసైబియా వాటిని తన వైద్యుల చరిత్రలో చేర్చగలిగారు. మనదాకా అవి వచ్చిన తోవ అదే.

ఆ రోజుల్లో ఆస్పత్రిని బీమారిస్తాన్ అనేవారు. బీమార్ అంటే జబ్బు మనిషి అని ఉర్దూ తెలిసిన మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఇది ఫార్సీ నుంచి అరబ్బీలోకి వెళ్ళిన మాట. హిజ్రీ 306, అంటే క్రీ.శ. 918లో, ముహర్రం నెల మొదటి రోజున సినాన్ బగ్దాదులో ఒక బీమారిస్తాన్ తెరిచారు. ఖలీఫా ముఖ్తదిర్ తల్లి పేరున, సూఖ్ యహ్యా అనే పేటలో, దిజ్లా నది ఒడ్డున అది వెలసింది. వైద్యులను నియమించింది, రోగులను చేర్చుకుంది సినానే. దాని ఖర్చు నెలకు 600 దీనార్లు. ఆ డబ్బు మాత్రం ఆయన చేతి మీదుగా నడవలేదు. ఖర్చులు చూడడానికి వేరొకరు ఉన్నారు. వైద్యం ఒకరి బాధ్యత, లెక్క మరొకరి బాధ్యత అన్నమాట. అదే ఏడాది సినాన్ సలహా మేరకు ఖలీఫా బాబుష్షామ్ దగ్గర మరో ఆస్పత్రి కట్టించి, దానికి నెలనెలా 200 దీనార్లు తన సొంత ధనం నుంచి ఇచ్చారు.

ఆస్పత్రులు ఉన్నాయి, హకీములు ఉన్నారు, డబ్బు ఉంది. ఇంతటితో తృప్తి పడితే సినాన్ కథ ఇక్కడే ముగిసేది. అలా ముగియకపోవడానికి కారకుడు అలీ బిన్ ఈసా. చరిత్రకారులు ఆయనను మంచి వజీరు అని పిలుస్తారు. 913 నుంచి 917 దాకా వజీరుగా ఉండి, పదవి పోయి నిర్బంధంలో గడిపారు. తరవాత 918లో హామిద్ బిన్ అబ్బాస్ వజీరు అయినప్పుడు, ఆయనకు సహాయకుడిగా తిరిగి వచ్చి, నిజానికి రాజ్య వ్యవహారాలన్నీ తానే నడిపారు. ఆ కాలంలో ఒక ఏడాది రోగాలు విపరీతంగా ప్రబలాయి. అప్పుడు అలీ బిన్ ఈసా సినాన్‌కు ఒక ఉత్తర్వు పంపారు. అది చెరసాలల గురించి.

ఉత్తర్వు సారాంశం ఇది. ఖైదీలు ఎక్కువమంది ఉన్నారు, వారిని ఉంచిన చోట్లు దుర్భరంగా ఉన్నాయి, కనుక వారికి జబ్బులు రాక తప్పదు. తమ మేలు తాము చూసుకోవడానికి గాని, వైద్యుణ్ణి కలిసి చెప్పుకోవడానికి గాని వారికి వీలు లేదు. కాబట్టి వారికోసం ప్రత్యేకంగా వైద్యులను నియమించాలి. ఆ వైద్యులు ప్రతిరోజూ చెరసాలల్లోకి వెళ్ళాలి. మందులు, షర్బత్తులు, రోగులకు కావలసిన పథ్యపు జావలు వెంట తీసుకుపోవాలి. అన్ని చెరసాలలూ తిరగాలి. నిర్బంధమంటే ఏమిటో స్వయంగా ఎరిగిన వజీరు రాసిన మాటలివి. సినాన్ అక్షరాలా అమలు చేశారు.

కొంతకాలానికి రెండో ఉత్తర్వు వచ్చింది. ఈసారి అది సవాద్ పల్లెల గురించి. దిజ్లా, ఫరాత్ నదుల నడుమ ఖర్జూర తోటలతో, పంట కాలువలతో పరుచుకున్న ప్రాంతం సవాద్. సవాద్ అంటే నలుపు. పచ్చదనం దట్టమై దూరానికి నల్లగా కనిపిస్తుందని ఆ పేరు. రాజధానికి తిండి, ఖజానాకు శిస్తు అక్కడినుంచే వచ్చేవి. అక్కడి రైతుకు జబ్బు చేస్తే చూసే వైద్యుడు మాత్రం లేడు. వజీరు గుర్తించిన సంగతి ఇదే. వైద్యులను, వారితోపాటు మందులు, షర్బత్తులు నింపిన పెట్టెను పంపాలని, వారు సవాద్ అంతటా తిరగాలని, ఒక్కొక్క చోట అవసరం ఉన్నన్నాళ్ళు ఆగి రోగులకు వైద్యం చేసి, ఆ తరవాతే మరో చోటికి కదలాలని ఆయన ఆదేశించారు.

పాఠకులు ఈ రెండు ఉత్తర్వులను పక్కపక్కన పెట్టి చూడాలి. చెరసాలలో మనుషులు ఒక్కచోటే ఉంటారు, చోటు మారదు, కాబట్టి జబ్బు మళ్ళీ మళ్ళీ వస్తుంది. అందుకే అక్కడికి రోజూ వెళ్ళమన్నారు. పల్లెల్లో మనుషులు దూరదూరంగా ఉంటారు, రోజూ వెళ్ళడం కుదరని పని. అందుకే అక్కడ మకాం వేసి, పని పూర్తయ్యాక ముందుకు పొమ్మన్నారు. చెరసాలకు పథ్యపు జావ కూడా మోసుకుపొమ్మన్నారు, ఎందుకంటే ఖైదీకి తన తిండి తాను ఏర్పాటు చేసుకునే స్వేచ్ఛ లేదు. పల్లెకు మందుల పెట్టె మొత్తం పంపమన్నారు, ఎందుకంటే అయిపోతే తెచ్చుకోవడానికి దగ్గరలో అత్తారు అంగడి ఉంటుందన్న భరోసా లేదు. ఎక్కడ, ఎవరికి, ఎందువల్ల వైద్యం అందడం లేదో ముందు తెలుసుకుని, ఆ కారణానికి తగినట్టు ఏర్పాటు చేయడం ఇందులోని మెలకువ.

సినాన్ మనుషులు బయలుదేరారు. తిరుగుతూ తిరుగుతూ సూరా చేరారు. సూరా యూదుల పండితులకు, వారి విద్యాపీఠానికి పేరుపొందిన పట్టణం. అక్కడి జనంలో అత్యధికులు యూదులు. నహ్రుల్ మలిక్ అనే కాలువ వెంట ఉన్న పల్లెల్లోనూ అంతే. రోగులు చాలామంది ఉన్నారు. వైద్యులకు సందేహం వచ్చింది. ఖజానా ఖర్చుతో వచ్చిన మందులివి. ఇక్కడే ఆగి వీరికి వైద్యం చేయాలా, ముందుకు సాగిపోవాలా? తమంతట తాము తేల్చుకోకుండా, పని చేసే చోటునుంచి సినాన్‌కు ఉత్తరాలు రాశారు. ఆగడానికి అనుమతి కోరారు.

సినాన్ ఆ ఉత్తరాల సంగతిని వజీరుకు విన్నవించారు. విన్నవించిన తీరు గమనించదగ్గది. ఈ విషయంలో వజీరు అభిప్రాయం తెలియక జవాబు ఇవ్వలేకపోతున్నానని వినయంగా చెబుతూనే, ఆస్పత్రి ఆనవాయితీ ఏమిటో కూడా తెలిపారు. ఆస్పత్రిలో ముస్లింకూ, ముస్లిమేతరుడికీ వైద్యం జరుగుతుందని గుర్తు చేశారు. తాను ఏ మతం వాడో సినాన్ ఎరుగుదురు, వజీరూ ఎరుగుదురు. ఆయన తన మతం ఊసు ఎత్తలేదు, వాదానికి దిగలేదు. నాలుగు గోడల మధ్య ఉన్న న్యాయం గోడల బయటికీ వర్తిస్తుందా అన్న ప్రశ్నను మాత్రం వజీరు ముందు పెట్టారు.

అలీ బిన్ ఈసా జవాబులో మూడు సంగతులు ఉన్నాయి. మొదటిది, ముస్లిమేతరులకే కాదు, పశువులకు వైద్యం చేయడం కూడా సరైన పనే అనడంలో అభిప్రాయ భేదం లేదు. అయితే మందులకు వరుస పాటించాలి. పశువుల కన్నా ముందు మనుషులు, మనుషులలో ముందు ముస్లింలు, వారి అవసరం తీరగా మిగిలినది తరవాతి వారికి. రెండోది, జబ్బులు, అంటురోగాలు ఎక్కువగా ఉన్న పల్లెలను చూసుకుని వైద్యులు అటువైపు వెళ్ళాలి. మూడోది, దారిలో రక్షణగా వచ్చే దండు దొరకకపోతే, బాట నిర్భయమయ్యేదాకా వారు ప్రయాణం ఆపుకోవాలి.

మొదటి సంగతిలోని వరుస ఆనాటి రాజ్య నీతికి సంబంధించినది. నేడు వైద్య ధర్మం దానిని ఒప్పుకోదు. రోగి ఎవరన్నది కాక, రోగం ఎంత తీవ్రంగా ఉందన్నదే వరుసను తేల్చాలి. అయినా అనుమతి వచ్చింది, యూదుల పల్లెల్లో వైద్యానికి దారి మూసుకుపోలేదు. తక్కిన రెండు సంగతులకు మాత్రం ఈనాటికీ వయసు మళ్ళలేదు. రోగం ఎక్కువ ఉన్నచోటికి ముందు పోవాలన్నది మొదటి సూత్రం. సేవకు వెళ్ళినవాడి ప్రాణానికీ విలువ ఉందన్నది రెండో సూత్రం. దొంగల దారిలోకి వైద్యుణ్ణి తోసి, అది త్యాగమని పొగడడం ఆ వజీరుకు తెలియని విద్య.

ఇంత ఏర్పాటుకూ ఊపిరి డబ్బు. అది ఆగితే ఏమవుతుందో సినాన్ జీవితంలోని మరో ఘట్టం చెబుతుంది. బగ్దాదులోని ముఖర్రిమ్ పేటలో బద్ర్ అనే సేనాని పేరు మీద ఒక ఆస్పత్రి ఉంది. ఖలీఫా ముతవక్కిల్ తల్లి చేసిన వక్ఫ్ ఆదాయం దానికి ఆధారం. ఆ రాబడిలో కొంత బనూ హాషిం కుటుంబాలకు, కొంత ఆస్పత్రికి చెందాలి. వక్ఫ్ వ్యవహారం చూసేవాడు అబుస్సఖ్ర్ కల్వజానీ. అతడు గొప్ప కుటుంబాల వాటా వేళకు చెల్లించి, ఆస్పత్రి వాటా మాత్రం వాయిదా వేస్తూ వచ్చాడు. అడిగే నోరున్నవాడికి ముందు, అడగలేనివాడికి తరవాత. లోకం పోకడ అప్పుడూ ఇదే.

సినాన్ ఊరుకోలేదు. రోగులకు బొగ్గులు లేవు, తిండి చాలడం లేదు, కప్పుకోవడానికి దుప్పట్లు లేవు అని అలీ బిన్ ఈసాకు ఫిర్యాదు రాశారు. వజీరు ఆ కాగితం వెనకనే కల్వజానీకి మందలింపు రాశారు. అందరికన్నా బలహీనులైన రోగుల వాటా ఎందుకు ఆగిందని నిలదీశారు. చలి తీవ్రంగా ఉన్న ఆ రోజుల్లో ఆస్పత్రిలో ఉన్నవారికి దుప్పట్లు, బట్టలు, బొగ్గులు, తిండి అందేలా, వైద్యం ఆగకుండా సాగేలా వెంటనే డబ్బు సమకూర్చమని ఆజ్ఞాపించారు. వక్ఫ్ లెక్కలు చూసే పెద్దలందరూ తెలుసుకోవలసిన ఘట్టం ఇది. దాత చేసిన పుణ్యం రోగి దుప్పటిగా మారేదాకా పూర్తి కాదు. నడుమ చేయి బిగిస్తే, చలికి వణికేది కాగితం మీది అంకె కాదు, మంచం మీది మనిషి.

931లో మరో సమస్య ఎదురైంది. ఒక వైద్యుడి పొరపాటు వల్ల బగ్దాదులో ఒక మనిషి చనిపోయాడన్న కబురు ఖలీఫా ముఖ్తదిర్ చెవిన పడింది. బజారు తనిఖీ అధికారి అయిన ముహ్తసిబ్‌ను పిలిచి, సినాన్ పరీక్షించి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినవారు తప్ప ఎవరూ వైద్యం చేయరాదని ఆజ్ఞ వేయించారు. పేరుమోసిన హకీములకు, ఖలీఫా కొలువులోని వారికి పరీక్ష లేదు. వారు పోను, నగరం రెండు ఒడ్డుల మీద పరీక్షకు వచ్చినవారు 860 మందికి పైగా తేలారు. ఒక్కొక్కరి చదువును పరీక్షించి, ఎవరు ఏ వైద్యం చేయవచ్చునో సినాన్ రాసి ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఒక వృద్ధుడు పరీక్షకు వచ్చాడు. మంచి బట్టలు, నిండైన రూపం. సినాన్ గౌరవించి పక్కన కూర్చోబెట్టుకుని, అందరూ వెళ్ళాక ఎవరి దగ్గర చదువుకున్నారని అడిగారు. తనకు చదవడం, రాయడం సరిగా రాదని, ఎవరి దగ్గరా ఏమీ నేర్వలేదని, ఇంటినిండా పోషించవలసినవారు ఉన్నారని, ఈ బతుకుతెరువు తీసివేయవద్దని వృద్ధుడు వేడుకున్నాడు. సినాన్ నవ్వి, ఒక షరతు మీద ఒప్పుకున్నారు. తెలియని జబ్బు జోలికి పోరాదు. తేలిక జబ్బులకు తప్ప నెత్తురు తీయించరాదు, విరేచనాల మందు ఇవ్వరాదు. తన పద్ధతి మొదటినుంచీ అదేనని, సికంజబీన్, జులాబ్ దాటి ఎన్నడూ పోలేదని ఆయన చెప్పాడు. ఉర్దూలో జులాబ్ అంటే మనకు విరేచనాల మందు. ఆనాటి అరబ్బీ వైద్యంలో అది పన్నీటితో చేసిన తియ్యని షర్బత్తు. మర్నాడు ఒక యువకుడు వచ్చాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే, తండ్రి దగ్గర అన్నాడు. ఆ తండ్రి నిన్నటి వృద్ధుడే. ఆయన దారిలోనే నడుస్తున్నావా అని అడిగి, అది దాటవద్దని చెప్పి, సినాన్ అతడినీ పంపేశారు.

ఇది నవ్వుకోవడానికే కాదు, ఆలోచించడానికీ తగిన కథ. పెద్ద చదువు లేని మనిషి కూడా సులభమైన సాయం చేయగలడు. అయితే తన హద్దు తనకు తెలిసి ఉండాలి. హద్దు ఎరిగిన చిన్న వైద్యుడి వల్ల కలిగే మేలు, హద్దు ఎరగని పెద్ద వైద్యుడి వల్ల కలిగే కీడు, రెండూ సినాన్ ఎరిగినవే.

932లో గద్దెనెక్కిన ఖలీఫా ఖాహిర్ కఠినుడు. సినాన్ ఇస్లాం స్వీకరించాలని ఒత్తిడి చేశాడు. సినాన్ ఇస్లాం స్వీకరించారు. ఖాహిర్ భయం మాత్రం వదలలేదు, ఖురాసాన్ వెళ్ళిపోయారు. బలవంతం ధర్మానికి సమ్మతం కాదు. అది ఆ పాలకుడి తప్పుగానే మిగిలింది. తరవాత సినాన్ బగ్దాదు తిరిగి వచ్చి, తుదిదాకా ముస్లింగానే జీవించారు. 940లో ఖలీఫా రాజీ మరణించాక, బజ్కమ్ అనే తుర్క్ సేనాధిపతి ఆయనను వాసిత్ పట్టణానికి పిలిపించుకున్నాడు. ఒంటి జబ్బుల కన్నా తన కోపమే తనకు పెద్ద జబ్బని, దానిని నయం చేయమని కోరాడు. కోపం వచ్చినప్పుడు వెంటనే శిక్ష విధించక ఆగి ఆలోచించడం సినాన్ ఆయనకు అలవాటు చేశారు. ఆ బజ్కమే కరువు రోజుల్లో వాసిత్‌లో అన్నార్తులకు అతిథిశాల, బగ్దాదులో ఆస్పత్రి తలపెట్టాడు. హిజ్రీ 331, అంటే 943లో, జిల్ ఖఅదా నెల ఆరంభంలో సినాన్ బగ్దాదులోనే కన్నుమూశారు. ఆయనను తీసుకుపోయింది ఉదర వ్యాధి.

మన హైదరాబాదులో చార్మినార్‌కు చేరువలో దారుష్షిఫా పేట ఉంది. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన వైద్యశాల వల్ల వచ్చిన పేరది. బీమారిస్తాన్ సంప్రదాయం మన నేల దాకా వచ్చిందనడానికి గుర్తు. పెట్టె పట్టుకుని పల్లెకు పోయే సంప్రదాయం వేరే దారుల్లో వచ్చింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పటినుంచి ఆశా కార్యకర్తలు గర్భిణుల ఇళ్ళకు, పసిపిల్లల ఇళ్ళకు, క్షయ రోగుల ఇళ్ళకు తిరుగుతున్నారు. బగ్దాదు వైద్యులకూ వీరికీ చదువులో పోలిక లేదు, పనిలో ఉంది. ఏ వాడలో ఎవరు బయటికి రాలేకపోతున్నారో తెలుసుకోవాలి. సంచిలో ఏం ఉండాలో ముందే చూసుకోవాలి. తమవల్ల కాని జబ్బును ఆస్పత్రికి పంపాలి. అనుమానం వస్తే పైవారిని అడగాలి, పైవారు జవాబు చెప్పాలి. దారి భద్రంగా ఉండాలి. డబ్బు వేళకు అందాలి. వీటిలో ఒక్కటి తప్పినా గడప దాకా వెళ్ళవలసిన మందు నడిదారిలో ఆగిపోతుంది.

సినాన్ రాసిన గ్రంథాలలో ఎక్కువ భాగం కాలగర్భంలో కలిసిపోయాయి. ఆయన తెరిచిన ఆస్పత్రులు నేడు లేవు. సూరా పల్లెల్లో ఆ వైద్యులు ఎంతమంది నాడి చూశారో లెక్క రాసినవారు లేరు. వెళ్ళిన వైద్యుల పేర్లు కూడా చరిత్రకు ఎక్కలేదు. ఒక మందుల పెట్టె బగ్దాదు కోట దాటి కాలువ గట్ల వెంట పల్లెలకు పోయిందని, అది చేరిన చోట జబ్బుపడినవారు వైద్యుణ్ణి వెతుక్కుంటూ పోవలసిన అవసరం లేకపోయిందని మాత్రం తెలుసు. మన వీధిలో మంచం మీదినుంచి లేవలేని మనిషి ఎవరో, ఆ గడపకు ఎవరు వెళుతున్నారో చూసుకోవడం ఇక మన వంతు.